ఒక చుక్క తక్కువ రాయి

చీమకుర్తిలో మా పాలిషింగ్ యూనిట్‌కి
ఫ్రాన్సు నుంచి ఆర్డర్లు వస్తాయి,
ఎక్కువగా సమాధుల మీదికి.
బంగారు చుక్కల నల్లరాయంటే
అక్కడ పోయినవాళ్ళకి ఇష్టమంట.
స్టెన్సిల్ కోసి, ఇసక కొట్టి, అక్షరాలు దించేది నేను.
చదవడం రాకుండానే ఆరేళ్ళు దించాను.
వంకరున్న చోట వంకర,
నెత్తిన గీతుంటే గీత.

మొన్న ఎండాకాలం ఒక అక్షరం జారింది.
నిలువు గీత, పైన చుక్క, అంతే.
మేనేజరు మాల్యాద్రి మెయిలు చూసి నెత్తి కొట్టుకున్నాడు:
"ఏందయ్యా ఇది, అర్థమే మారిపోయిందంట!"

ఎట్టా మారిందో చెప్పింది
లెక్కలు రాసే చలమయ్య గారు. యానాం మనిషి.
ఫ్రెంచోళ్ళ కోర్టులో బంట్రోతు చేసిన తాత దగ్గర
నేర్చుకున్న భాషని
పొడుం డబ్బీలాగా పంచె మడతలో పెట్టుకు తిరుగుతాడు.
రాతిపొడి పేరుకున్న బల్ల మీద వేలితో రాశాడు.
నూ తెమోఁ: ప్రేమిస్తున్నాం.
నూ తెమ్యోఁ: ప్రేమించేవాళ్ళం.
"నువ్వు మింగేసిన ఆ చుక్క గీతే నాయనా,
మనిషి పోయిందని గుర్తు."

అప్పట్నుంచి అన్నం వేళ పాఠం.
వాళ్ళకి గతం ఒకటి కాదు.
ఒకటి బ్లేడు కింద పలక విడినట్టు టప్పున తెగేది:
రోశయ్య క్వారీలోకి దిగాడు. రాయి జారింది.
ఇంకోటి గ్యాంగ్‌సా కింద నీళ్ళు
రాత్రంతా కారినట్టు సాగేది:
రోశయ్య పొద్దున్నే ఇక్కడ కూచుని టీ తాగేవాడు,
బీడీ ముట్టించి, అగ్గిపుల్ల జేబులోనే వేసుకునేవాడు.
"మనకీ ఉన్నాయి గదండీ రెండూ" అన్నాను.
"ఉన్నాయి. రేపే లేదు" అన్నాడు.
వస్తాడు అంటే రేపొస్తాడో రోజూ వస్తాడో
మన క్రియ చెప్పదంట. వాళ్ళది చెబుద్దంట.
నలభై రెండేళ్ళు ఈ నోటితోనే బతికాను,
ఆ సంగతి నాకెవరూ చెప్పలా.

మాటలు ఇంకా మాయదారివి.
రెండు రాళ్ళకొకసారి చెక్కేది రెగ్రే అనే మాట.
ఇంగ్లీషు మాటే గదా అని ఇన్నాళ్ళూ
పశ్చాత్తాపం అనుకున్నా.
ఏం పాపం చేశారబ్బా ఈ జనం,
తల్లికి కూడు పెట్టలేదా, పొలం గట్టు జరిపారా
అని ఇసక కొడతా కొడతా జాలిపడ్డా.
కాదంట. బెంగంట.
ఎప్పటికీ తీరని బెంగ.
ఇంటికెళ్ళి చాలాసేపు చేతులు కడుక్కున్నా,
ఊరికే అనుమానించానే అని.

తు మ మాంక్ అనేది మాత్రం
చెప్పీ చెప్పకముందే ఎక్కింది.
ఇంగ్లీషోడు దాన్ని తలకిందులు చేసుకోవాలంట.
మనకెందుకు?
నాకు నువ్వు తక్కువయ్యావు, అంతేగా.
పప్పులో ఉప్పు తక్కువైనట్టు,
కూలి డబ్బుల్లో పది తక్కువైనట్టు.

దిద్దిన రాయి
ప్రేమించేవాళ్ళంతో సహా పెట్టెలో పడుకుని
కృష్ణపట్నం రేవుకి పోయింది.
తప్పు రాయి ఇక్కడే మిగిలింది.
మళ్ళీ అరగదీస్తే మందం చాలదు.
తిరుపాలమ్మ దాన్ని
టీ పొయ్యి కింద పరిపించుకుంది.
కాలేషా గ్లాసు దించినప్పుడల్లా
ఒడిల్ అనే పేరు మీద తడి సున్నా పడుద్ది.
చూస్తుండగానే ఆరుద్ది.

నిన్న పొయ్యి పక్కన తుడస్తా అడిగింది:
"దీని మీద ఏం రాసుందబ్బయా?"
"నిన్ను ప్రేమిస్తాం, అని."

గుడ్డ పిండింది. బొగ్గు నీళ్ళు
ఆ అక్షరాల్లోకి పారి, ఒక్కోటీ నిండి,
చుక్క లేనిచోట ఆగకుండా పోయాయి.
రోశయ్య పోయి అయిదేళ్ళు ఆమెకి.

"ఎప్పుడు?" అంది.

చలమయ్య గారి వంక చూశా.
ఆయన గ్లాసు అడుగున మిగిలిన టీని
తిప్పుతా కూచున్నాడు.